జీడిపప్పు ప్రోటీన్ల ద్రవ్యరాశి విశ్లేషణలో కృత్రిమ గుంపులు – గుర్తింపు, నివారణ

ఉపోద్ఘాతం

శ్రీకాకుళం జిల్లాలోని పలాస–కాశీబుగ్గ జీడిపప్పు పరిశ్రమకు పేరుపొందిన కేంద్రం. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల తీరప్రాంత నేలల్లో కొబ్బరితోపాటు పెరిగే జీడిమామిడి ఉద్దానం రైతు కుటుంబాలకు ముఖ్యమైన ఆధారం. తోటలో ఏరిన పిక్కలను కర్మాగారంలో కాల్చడమో, ఆవిరిపై ఉడికించడమో చేసి, పెంకు తొలగించి, పప్పును వేడిగాలిలో ఆరబెట్టి, పైనున్న ఎర్రని పొర తీసి, రకాలుగా వేరు చేస్తారు. ఈ దశల్లో పప్పు ఒకటికి రెండుసార్లు వేడికి గురవుతుంది.

వేడికి పప్పులోని ప్రోటీన్లు ఏ విధంగా మారుతాయన్నది ఆహార శాస్త్రంలో ప్రాముఖ్యం గల ప్రశ్న. జీడిపప్పు కొందరిలో తీవ్రమైన అలర్జీని కలిగిస్తుంది. ఐరోపా సమాఖ్య నియమాల ప్రకారం ప్యాకెట్టుపై తప్పక పేర్కొనవలసిన అలర్జీ పదార్థాల జాబితాలో జీడిపప్పు పేరు స్పష్టంగా ఉంది. మన దేశంలో 2020లో వెలువడిన లేబులింగ్ నిబంధనలు కూడా గింజపప్పుల ఉనికిని ప్రకటించాలని నిర్దేశిస్తున్నాయి. కాల్చిన పప్పులో ప్రోటీన్ అణువులు ఒకదానితో ఒకటి కలిసి గుంపులు కట్టాయని ఒక నివేదిక పేర్కొన్నప్పుడు, ఆ వాక్యం కర్మాగారం వరకు, వినియోగదారు వరకు ప్రయాణిస్తుంది. ఆ గుంపు పప్పులోనే ఉన్నదా, లేక కొలిచే పరికరంలో పుట్టినదా అని తేల్చుకోవడం అందువల్ల అవసరం. మాస్ స్పెక్ట్రోమెట్రీలో ఏర్పడే కృత్రిమ గుంపుల పుట్టుకను, వాటిని గుర్తించే పద్ధతులను ఈ వ్యాసం వివరిస్తుంది.

జీడిపప్పులో సహజంగా ఉండే గుంపులు

జీడిపప్పులో బరువునుబట్టి సుమారు 18 నుంచి 20 శాతం ప్రోటీన్ ఉంటుంది. ఇందులో అత్యధిక భాగం గింజ మొలకెత్తే దశకై దాచుకొన్న నిల్వ ప్రోటీన్లే. అలర్జీ పరంగా మూడింటిని ప్రధానంగా గుర్తించారు. జీడిమామిడి శాస్త్రీయ నామమైన అనకార్డియం ఆక్సిడెంటేల్ నుంచి వీటికి అనా ఓ 1, అనా ఓ 2, అనా ఓ 3 అనే పేర్లు వచ్చాయి.

అనా ఓ 1 విసిలిన్ తరగతికి చెందినది. సుమారు 50 వేల డాల్టన్ల ఉపభాగాలు మూడు కలిసి ఒక నిర్మాణంగా ఉండడం ఈ తరగతి లక్షణం. అనా ఓ 2 లెగ్యుమిన్ తరగతికి చెందినది. దీని ప్రతి ఉపభాగంలోనూ ఆమ్ల స్వభావం గల గొలుసు, క్షార స్వభావం గల గొలుసు గంధకపు బంధంతో జతపడి ఉంటాయి. అటువంటి ఉపభాగాలు ఆరు కలిసినప్పుడు మొత్తం ద్రవ్యరాశి 3 లక్షల డాల్టన్లు దాటుతుంది. అనా ఓ 3 చిన్నది. 2ఎస్ ఆల్బుమిన్ తరగతికి చెందిన ఈ ప్రోటీన్ గంధకపు బంధాలతో గట్టిగా ముడిపడి ఉండడం వల్ల వేడినీ, జీర్ణరసాలనూ చాలావరకు తట్టుకొంటుంది.

కాబట్టి జీడిపప్పు ప్రోటీన్ల విషయంలో గుంపు కనిపించడమే దోషమని భావించరాదు. మూడుగా, ఆరుగా ఉండవలసినవి ఉన్నాయి. విశ్లేషకుని పని సహజమైన మూడునూ ఆరునూ కాపాడుతూ, పరికరం కల్పించిన రెండునూ నాలుగునూ వేరు చేయడం.

పరికరంలో జరిగేదేమి?

పెద్ద జీవాణువులను ముక్కలు కాకుండా అయానులుగా మార్చి తూచే విధానాలకు గాను జాన్ ఫెన్, కోయిచి తనాకా 2002లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకొన్నారు. ఫెన్ అభివృద్ధి చేసిన ఎలక్ట్రోస్ప్రే విధానంలో ప్రోటీన్ ద్రావణాన్ని సన్నని సూదిమొన గుండా అధిక విద్యుత్ పీడనం వద్ద తుంపరలుగా చిమ్ముతారు. ఆవేశం గల తుంపర నుంచి నీరు ఆవిరవుతూ పోతుంది. తుంపర చిన్నదవుతున్న కొద్దీ ఉపరితలంపై ఆవేశాల మధ్య వికర్షణ పెరుగుతుంది. ర్యాలీ పరిమితి అనే హద్దు చేరగానే తుంపర చీలి మరింత చిన్న తుంపరలు పుడతాయి. చివరికి ప్రోటీన్ చుట్టూ ఉన్న నీరంతా పోయి, మిగిలిన ఆవేశం ప్రోటీన్‌పై నిలుస్తుంది. సహజ రూపంలో ముడుచుకొని ఉన్న ప్రోటీన్లకు ఈ వివరణ బాగా వర్తిస్తుంది. దీనిని ఆవేశ అవశేష నమూనా అంటారు.

టెక్కలి సమీపంలోని నౌపడ ఉప్పు మళ్ళు ఈ ప్రక్రియను అర్థం చేసుకోవడానికి తోడ్పడతాయి. మడిలోకి పెట్టిన సముద్రపు నీటిలో ఉప్పు గడ్డలు ఉండవు. ఎండకు నీరు ఆవిరైపోయినప్పుడు అందులో విడివిడిగా కరిగి ఉన్నవన్నీ దగ్గరకు చేరి గడ్డకడతాయి. గడ్డను చూసి సముద్రంలోనే గడ్డలున్నాయని ఎవరూ అనరు. ఎలక్ట్రోస్ప్రే తుంపర కూడా ఒక చిన్న మడి వంటిది. అది ఆరిపోయే చివరి క్షణంలో ఒకే ప్రోటీన్ అణువు ఉంటే ఒకే అణువు బయటపడుతుంది. ద్రావణంలో ఏ సంబంధమూ లేని రెండు అణువులు అందులో చిక్కుకొంటే అవి అంటుకొని ఒకే అయానుగా బయటపడతాయి. కృత్రిమ గుంపు అంటే ఇదే.

తనాకా వాడిన లేజర్ విధానంలోనూ, దాని తరువాత వ్యాప్తిలోకి వచ్చిన మాల్డీ విధానంలోనూ గుంపులు సాధారణమే. 1988లో తనాకా బృందం లక్ష వరకు ద్రవ్యరాశి–ఆవేశ నిష్పత్తిని కొలిచినట్లు ప్రకటించింది. ఆ లక్ష ఒకే పెద్ద ప్రోటీన్ కాదు, సుమారు 14,300 డాల్టన్ల లైసోజైమ్ అణువులు ఏడు కలిసిన గుంపు. పరికరం సామర్థ్యాన్ని చాటిన ఆ ఫలితమే, గుడ్డు తెల్లసొనలో ఏడేసి లైసోజైమ్‌లు జట్టుగా ఉంటాయని భావించరాదన్న పాఠం కూడా.

గాఢత, తుంపర పరిమాణం – ఒక లెక్క

కృత్రిమ గుంపు ఏర్పడే అవకాశం ప్రధానంగా రెండింటిపై ఆధారపడుతుంది. మొదటిది ప్రోటీన్ గాఢత, రెండవది తుంపర పరిమాణం. 200 నానోమీటర్ల వ్యాసం గల తుంపరను ఉదాహరణగా తీసుకొందాం. 10 మైక్రోమోలార్ గాఢత వద్ద అటువంటి తుంపరలో సగటున 25 ప్రోటీన్ అణువులుంటాయి. గాఢత 1 మైక్రోమోలార్ అయితే 2.5, 0.1 మైక్రోమోలార్ అయితే 0.25, 0.01 మైక్రోమోలార్ అయితే 0.025 మాత్రమే.

అణువులు తుంపరల్లోకి యాదృచ్ఛికంగా చేరుతాయని భావించి పాయిజాన్ సూత్రాన్ని వర్తింపజేస్తే మరింత స్పష్టత వస్తుంది. ప్రోటీన్ ఉన్న తుంపరలను మాత్రమే లెక్కలోకి తీసుకొన్నప్పుడు, 1 మైక్రోమోలార్ వద్ద వాటిలో సుమారు 78 శాతం తుంపరలు రెండు లేదా అంతకు మించిన అణువులను మోస్తాయి. 0.1 మైక్రోమోలార్ వద్ద అది సుమారు 12 శాతానికి, 0.01 మైక్రోమోలార్ వద్ద సుమారు 1 శాతానికి తగ్గుతుంది. తుంపరలు ఆరే క్రమంలో చీలుతాయి కనుక వర్ణపటంలో కనిపించే గుంపుల శాతం ఈ అంకెలతో సమానంగా ఉండదు. అయితే గాఢత పెరిగిన కొద్దీ గుంపులు పెరుగుతాయన్న దిశ మారదు.

తుంపర వ్యాసం సగమైతే ఘనపరిమాణం ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. సూదిమొన రంధ్రం సన్నగా ఉండి, నిమిషానికి కొన్ని పదుల నానోలీటర్ల ప్రవాహం మాత్రమే ఉండే నానో ఎలక్ట్రోస్ప్రేలో గుంపులు తక్కువగా ఏర్పడడానికి కారణమిదే.

వర్ణపటంలో పొరపాటుకు తావిచ్చే చోట్లు

పరికరం ద్రవ్యరాశిని నేరుగా చూపదు, ద్రవ్యరాశిని ఆవేశంతో భాగించిన నిష్పత్తిని చూపుతుంది. లెక్క సౌలభ్యం కోసం ఒక 2ఎస్ ఆల్బుమిన్ ద్రవ్యరాశిని 12,600 డాల్టన్లుగా తీసుకొందాం. 7 ఆవేశాలు గల ఒంటరి అణువు 1,801 వద్ద శిఖరాన్ని ఇస్తుంది. 14 ఆవేశాలు గల జంట అణువు కూడా 1,801 వద్దనే కనిపిస్తుంది. అంటే జంట ఉన్నా ఒంటరి అణువుగానే పొరబడే అవకాశం ఉంది.

ఈ చిక్కును విడదీయడానికి బేసి సంఖ్య ఆవేశాలు గల జంటలు సహాయపడతాయి. 11 ఆవేశాల జంట దాదాపు 2,292 వద్ద కనిపిస్తుంది. ఒంటరి అణువుకు 6 ఆవేశాలతో 2,101 వద్ద, 5 ఆవేశాలతో 2,521 వద్ద శిఖరాలు వస్తాయి గాని, ఆ రెంటి నడుమ ఏదీ రాదు. అందువల్ల నడుమ శిఖరం ఉన్నదంటే జంట ఉన్నట్లే. అధిక స్పష్టత గల పరికరాల్లో ఐసోటోపు శిఖరాల మధ్య ఎడం కూడా ఆవేశ సంఖ్యను తెలుపుతుంది. 7 ఆవేశాలకు ఆ ఎడం ఏడో వంతు, 14 ఆవేశాలకు పద్నాలుగో వంతు. ఈ పరీక్షలు జంట ఉన్నదని మాత్రమే చెబుతాయి. ఆ జంట పప్పులో పుట్టినదా, తుంపరలో పుట్టినదా అన్నది చెప్పలేవు.

నమూనా తయారీలో ఏర్పడే గుంపులు

పరికరానికి ముందే గుంపులు కట్టే సందర్భాలనూ గుర్తించాలి. జీడిపప్పు నిల్వ ప్రోటీన్లను ఉప్పు కలిసిన ద్రావణంతో సంగ్రహిస్తారు. ఆ ఉప్పును పూర్తిగా తొలగించకపోతే ఒక్కొక్క సోడియం చేరినప్పుడల్లా ద్రవ్యరాశి 22 డాల్టన్ల చొప్పున పెరిగి శిఖరాలు వెడల్పవుతాయి. అందువల్ల ఆవిరయ్యే స్వభావం గల అమ్మోనియం అసిటేట్ ద్రావణంలోకి మారుస్తారు. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. అమ్మోనియం అసిటేట్ ద్రావణం పీహెచ్ 7 వద్ద ఉన్నప్పటికీ, ఆ స్థాయిలో దానికి ఆమ్లత మార్పును అడ్డుకొనే శక్తి స్వల్పం. ధనావేశ విధానంలో తుంపర ఆరుతున్న కొద్దీ ఆమ్లత పెరిగి పీహెచ్ 4.75 దిశగా దిగుతుంది. గింజల గ్లోబ్యులిన్ ప్రోటీన్లు సాధారణంగా పీహెచ్ 4.5 నుంచి 5 మధ్య నికర ఆవేశం కోల్పోయి ఒకదానికొకటి అంటుకొనే స్వభావం కలవి. ప్రోటీన్ పొడి తయారీలో వాటిని పేరబెట్టడానికి ఉపయోగించేది ఈ గుణాన్నే. కాబట్టి సీసాలో స్పష్టంగా ఉన్న ద్రావణం తుంపరలో గుంపులు కట్టే పరిస్థితికి చేరవచ్చు.

పప్పు మీది ఎర్రని పొరలో టానిన్లు అధికం. పొర పూర్తిగా తీయని పప్పును సంగ్రహిస్తే టానిన్లు ప్రోటీన్లను పట్టి ఉంచుతాయి. పెంకులోని నూనెలో ఉండే అనకార్డిక్ ఆమ్లాల ద్రవ్యరాశి సుమారు 342 నుంచి 348 డాల్టన్లు. ప్రోటీన్ శిఖరం పక్కనే అంత ఎడంతో మరొక శిఖరం కనిపిస్తే పెంకు నూనె సోకిందేమోనని పరిశీలించాలి. పప్పులోని కొవ్వును ముందుగా తొలగించడం, ఆరబెట్టే విధానాన్ని నమూనాలన్నింటికీ ఒకే తీరుగా పాటించడం తప్పనిసరి. పలాస కర్మాగారాల్లో స్థానిక పంటతోపాటు బయటి ప్రాంతాల పిక్కలు కూడా వాడుకలో ఉన్నందున నమూనా ఏ తోటది, ఏ రకం, ఏ విధంగా వేడి చేసినది అన్న వివరాలను నమోదు చేయాలి. రకాన్నిబట్టి ప్రోటీన్ క్రమంలో స్వల్ప భేదాలుంటే ఆ భేదాన్ని వేడి ప్రభావంగా పొరబడే ప్రమాదం ఉంది.

సహజ గుంపును కృత్రిమ గుంపు నుంచి వేరు చేసే పరీక్షలు

1. పలుచన పరీక్ష: ఒకే నమూనాను 10, 3, 1, 0.3, 0.1 మైక్రోమోలార్ గాఢతల్లో వరుసగా విశ్లేషించాలి. కృత్రిమ గుంపులు పలుచన చేసిన కొద్దీ వేగంగా కనుమరుగవుతాయి. విసిలిన్ మూడు, లెగ్యుమిన్ ఆరు వంటి గట్టి నిర్మాణాలు నిలుస్తాయి. బలహీనమైన సహజ బంధాలు కూడా పలుచనతో విడిపోతాయి కనుక ఈ ఒక్క పరీక్షతో తీర్పు చెప్పరాదు.

2. సాక్షి ప్రోటీన్ పరీక్ష: పరిశీలిస్తున్న ప్రోటీన్‌తో బంధం ఏర్పరచదని ముందే నిర్ధారించిన మరొక ప్రోటీన్‌ను ద్రావణంలో కలపాలి. ఆ సాక్షి కూడా గుంపులో కనిపిస్తే తుంపరలో యాదృచ్ఛికంగా అంటుకోవడం జరుగుతున్నట్లు రుజువవుతుంది. దాని పరిమాణాన్నిబట్టి అసలు ఫలితాన్ని సవరించవచ్చు.

3. సూదిమొన మార్పు: రంధ్రం సన్నగా ఉన్న మొనతో తిరిగి కొలిచినప్పుడు తగ్గిపోయే గుంపు కృత్రిమమై ఉండడానికి అవకాశం ఎక్కువ.

4. పంపిణీ తీరు: ఒకటి, రెండు, మూడు, నాలుగు అంటూ మెట్లు దిగినట్లు క్రమంగా తగ్గే వరుస యాదృచ్ఛిక కలయికకు గుర్తు. ఒకటి, రెండు లేకుండా మూడు మాత్రమే, లేదా ఆరు మాత్రమే బలంగా కనిపిస్తే అది నిర్మాణానికి సూచన.

5. స్వతంత్ర పద్ధతులు: పరిమాణాన్నిబట్టి వేరుచేసే క్రోమటోగ్రఫీ, విశ్లేషక అల్ట్రాసెంట్రిఫ్యూజ్, కాంతి విక్షేపణం ద్రావణంలోనే గుంపులను చూపుతాయి. గంధకపు బంధాలను విడదీసే పదార్థంతోనూ, అది లేకుండానూ జెల్ ఎలక్ట్రోఫోరెసిస్ చేస్తే వేడికి ఏర్పడిన గట్టి బంధాలు బయటపడతాయి.

పరికరం లోపల వాయు అణువులతో ఢీకొట్టించి గుంపు ఎంత తేలికగా విడిపోతుందో చూసే పద్ధతి కూడా వాడుకలో ఉంది. దీనిపై మాత్రమే ఆధారపడడం మంచిది కాదు. నీరు లేని స్థితిలో విద్యుదాకర్షణ బంధాలు బలపడతాయి, జలవికర్షక బంధాలు బలహీనపడతాయి. తుంపరలో అప్పటికప్పుడు పుట్టిన గుంపు గట్టిగా నిలిచి, సహజమైన గుంపు ముందుగా విడిపోవడం కూడా జరగవచ్చు.

పోల్చే నమూనాల గాఢతను సమం చేయడం

పచ్చి పప్పును, కాల్చిన పప్పును పోల్చే ప్రయోగంలో అత్యంత సులభంగా జరిగే పొరపాటు ఒకటి ఉంది. రెంటినీ ఒకే బరువులో తీసుకొని, ఒకే పరిమాణం ద్రావణంతో సంగ్రహించి, నేరుగా పరికరంలోకి పంపడం. వేడికి ప్రోటీన్ల కరిగే గుణం తగ్గవచ్చు. అప్పుడు కాల్చిన పప్పు ద్రావణంలో ప్రోటీన్ గాఢత తక్కువగా, పచ్చి పప్పు ద్రావణంలో ఎక్కువగా ఉంటుంది. తత్ఫలితంగా పచ్చి పప్పులోనే గుంపులు అధికంగా కనిపించి, వేడి గుంపులను విడదీసిందన్న తలకిందుల నిర్ణయానికి దారితీయవచ్చు. నిజానికి వేడికి గుంపు కట్టినవి కరగకుండా వడపోత కాగితం మీదనే మిగిలిపోయి ఉండవచ్చు. రెండు ద్రావణాల ప్రోటీన్ గాఢతను కొలిచి సమం చేయడం, కరగని భాగాన్ని పారవేయకుండా విడిగా పరీక్షించడం దీనికి పరిష్కారం.

ఇదే సూత్రం ఉద్దానంలో మరింత తీవ్రమైన విషయానికి వర్తిస్తుంది. కారణం ఇదమిత్థమని తేలని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఈ ప్రాంతాన్ని దశాబ్దాలుగా బాధిస్తున్నది. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. మూత్రపిండాల పనితీరుతో ముడిపడిన ప్రోటీన్లలో బీటా–2 మైక్రోగ్లోబ్యులిన్ ఒకటి. దీని ద్రవ్యరాశి సుమారు 11,730 డాల్టన్లు. ఏళ్ల తరబడి డయాలిసిస్‌పై ఉన్నవారిలో ఇది నిజంగానే గుంపులు కట్టి కీళ్లలో, ఎముకల్లో పేరుకొంటుంది. ఆ గుంపుల అధ్యయనానికి ఎలక్ట్రోస్ప్రే విధానాన్ని శాస్త్రవేత్తలు ఉపయోగిస్తున్నారు.

ఆరోగ్యవంతుల రక్తరసిలో ఈ ప్రోటీన్ లీటరుకు 1 నుంచి 2 మిల్లీగ్రాములు ఉండగా, డయాలిసిస్ రోగుల్లో 20 నుంచి 50 మిల్లీగ్రాముల వరకు ఉండడం సాధారణం. 1.5 మిల్లీగ్రాములంటే సుమారు 0.13 మైక్రోమోలార్, 30 మిల్లీగ్రాములంటే సుమారు 2.6 మైక్రోమోలార్. పైన చెప్పిన 200 నానోమీటర్ల తుంపరలో మొదటి సందర్భంలో సగటున మూడింట ఒక అణువు, రెండవ సందర్భంలో ఆరుకు పైగా అణువులు ఉంటాయి. ఈ ప్రోటీన్‌ను వేరుచేసిన తరువాత గాఢతలను సమం చేయకుండా విశ్లేషిస్తే రోగి నమూనాలో జంటలు, త్రయాలు అధికంగా కనిపించడం తథ్యం. ఆ భేదం రోగానికి చెందినది కాకపోవచ్చు, తుంపరలోని రద్దీకి చెందినది కావచ్చు. తాగునీరు, నేల, పురుగుమందులు, ఎండలో శ్రమ అంటూ ఎన్నో అనుమానాల మధ్య జీవిస్తున్న ప్రజలకు పరికరం కల్పించిన మరొక అనుమానాన్ని అందించరాదు.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

ప్రోటీన్ల గుంపుల గురించి ఏ నివేదికైనా చేతికి వచ్చినప్పుడు అందులో ఈ క్రింది అంశాలున్నాయో లేదో చూడాలి.

• విశ్లేషణకు వాడిన ప్రోటీన్ గాఢత ఎంత? పోల్చిన నమూనాలన్నింటికీ అది సమానమేనా?
• కనీసం మూడు గాఢతల వద్ద పలుచన పరీక్ష చేశారా?
• సాక్షి ప్రోటీన్‌ను వాడారా?
• ద్రావణం, పీహెచ్, సూదిమొన పరిమాణం పేర్కొన్నారా?
• మాస్ స్పెక్ట్రోమెట్రీతో సంబంధం లేని మరొక పద్ధతి అదే ఫలితాన్ని ఇచ్చిందా?
• నమూనా రకం, మూలం, వేడి చేసిన ఉష్ణోగ్రత, కాలం నమోదయ్యాయా?

వీటికి సమాధానం లేని నివేదికను ప్రాథమిక పరిశీలనగానే స్వీకరించాలి. దాని ఆధారంగా కాల్చిన పప్పు అలర్జీ ఉన్నవారికి సురక్షితమని గాని, ఆవిరిపై ఉడికించిన పప్పు హానికరమని గాని రైతులకు, కర్మాగారాల వారికి చెప్పరాదు. అలర్జీ కలిగించే స్వభావాన్ని నిర్ణయించేది శరీరంలోని ప్రతిరక్షకాలతో ఆ ప్రోటీన్ ఏ విధంగా కలుస్తుందన్న అంశం. ద్రవ్యరాశి కొలత ఒక్కటే దానికి సమాధానం ఇవ్వదు.

విద్యార్థులకు ఒక అభ్యాసం ఉపయోగకరం. లైసోజైమ్ వంటి సులభంగా లభించే శుద్ధ ప్రోటీన్‌ను ఐదు గాఢతల్లో విశ్లేషించి, జంట శిఖరానికీ ఒంటరి శిఖరానికీ గల నిష్పత్తిని గాఢతకు ఎదురుగా గ్రాఫు గీయాలి. తమ పరికరం ఏ గాఢత నుంచి కృత్రిమ జంటలను చూపడం మొదలుపెడుతుందో ఆ గ్రాఫు తెలుపుతుంది. ఆ తరువాత చేసే జీడిపప్పు విశ్లేషణకు ఆ గాఢతను హద్దుగా పాటించవచ్చు.

ముగింపు

ఎలక్ట్రోస్ప్రే మాస్ స్పెక్ట్రోమెట్రీ ప్రోటీన్లను ఎంతో ఖచ్చితంగా తూచగలదు. తూకం ఖచ్చితమైనంత మాత్రాన తూచబడిన వస్తువు పప్పులో ఉన్నదేనని నిర్ధారణ కాదు. రెట్టింపు ద్రవ్యరాశి వద్ద కనిపించే శిఖరం ఒక ప్రశ్న మాత్రమే. పలుచన పరీక్ష, సాక్షి ప్రోటీన్, సమాన గాఢత, స్వతంత్ర పద్ధతి అనే నాలుగు మెట్లు దాటిన తరువాతనే అది సమాధానంగా మారుతుంది. పలాస కర్మాగారం నుంచి వచ్చిన పప్పు నమూనాకైనా, ఉద్దానం గ్రామం నుంచి వచ్చిన రక్త నమూనాకైనా ఈ క్రమాన్ని ఒకే నిష్ఠతో పాటించినప్పుడు పరిశోధన ఫలితం ఆ ప్రాంత ప్రజలకు ఉపకరిస్తుంది.